రాత్రి సైకిల్‌పై విశాఖ తీరం: బస ఎక్కడ, హద్దు ఎంతవరకు

విశాఖపట్నంలో చీకటి పడ్డాక సైకిల్ తొక్కడం క్షేమమేనా అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. ఒకే బీచ్ రోడ్డు మీద, అరగంట తేడాలో, జనంతో కిటకిటలాడే తీరమూ ఎదురవుతుంది, కొండకూ సముద్రానికీ నడుమ మనిషి అలికిడి లేని మలుపూ ఎదురవుతుంది. నవంబరు నెలాఖరులో మా వదినా నేనూ రాజమహేంద్రవరం నుంచి వెళ్లి, సాయంత్రాలూ రాత్రులూ ఆ దారుల్లో తిరిగి వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, రాత్రి తొక్కేవారి భద్రతను లైటు, హెల్మెట్ల కంటే ముందు నిర్ణయించేది బస. గది ఎక్కడ తీసుకున్నామన్న దాన్ని బట్టి, అలసిపోయి తిరిగి వచ్చే చివరి కిలోమీటర్లు వెలుతురులో గడుస్తాయా, చీకట్లో గడుస్తాయా అన్నది ముందే తేలిపోతుంది. పర్యాటకులు సముద్రం కనిపించే కిటికీ కోసం ఎంత వెతుకుతారో, సైకిల్ మీద వెళ్లేవారు తిరుగుదారి కోసం అంతకు రెట్టింపు ఆలోచించాలి.

విశాఖ దేశానికి తూర్పు అంచున ఉంది కాబట్టి అక్కడ పొద్దు తొందరగా వాలుతుంది. నవంబరు చివరి వారంలో సాయంత్రం 5.20 ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్ నెలలో అయితే 6.30 దాటుతుంది. హైదరాబాదు నుంచి వచ్చేవారు తమ ఊరి లెక్కన ఆరు గంటల దాకా వెలుగు ఉంటుందని బయలుదేరితే, రుషికొండ చేరకముందే చీకటి కమ్ముకుంటుంది.

మా సైకిళ్లను రైలులో పార్సిల్‌గా వేశాము. పేరు, గమ్యం రాసిన అట్టను ఫ్రేముకు గట్టిగా కట్టి, లైట్లు, సీసా స్టాండు వంటివి ముందే విప్పి సంచిలో పెట్టుకోవాలి. పార్సిల్ ఆఫీసులో దించుకునేటప్పుడు బ్రేకు తీగలు, చక్రం సూటిగా తిరుగుతోందా లేదా అన్నది అక్కడే చూసుకోవాలి. ఇంతకు మించి ఆ సేవ గురించి చెప్పవలసింది లేదు, మా సైకిళ్లు భద్రంగానే చేరాయి.

బస విషయంలో రెండు తీరులనూ చూశాము. మొదట రుషికొండ వైపు ఒక రిసార్టులో దిగాము. గది శుభ్రంగా ఉంది, తెల్లవారుజామున తీరం అపురూపంగా ఉంటుంది. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన ఆ బీచ్‌ను ఎండ రాకముందు చూడాలనుకునేవారికి అంతకు మించిన చోటు లేదు. అయితే సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్లి, భోజనం చేసి తిరిగి రావాలంటే, దాదాపు పది పన్నెండు కిలోమీటర్ల దారిలో జనం ఉన్న భాగమంతా ముందే అయిపోయి, కైలాసగిరి కింది మలుపులు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ వైపు పలుచటి వెలుతురు చివరకు మిగులుతాయి. కాళ్లు అలసిన వేళ, దుకాణాలు మూసుకునే వేళ, ఆ భాగం ఎదురవడం మంచిది కాదు. అందుకే పాండురంగాపురం దగ్గర, బీచ్ రోడ్డుకు రెండు వీధుల లోపల ఉన్న ఒక చిన్న హోటలుకు మారాము. అక్కడి గదికి సముద్రం కనిపించదు, గోడకు రంగు వెలిసింది, కానీ ఎటు వెళ్లినా తిరుగుదారి వెలుతురులోకీ జనంలోకీ వచ్చి ముగుస్తుంది.

గది మాట్లాడుకునేటప్పుడు మేము అడిగిన ప్రశ్నలను ఇక్కడ రాయడం అవసరమనిపిస్తోంది, ఎందుకంటే వాటికి వచ్చిన జవాబుల తీరులోనే ఆ చోటు ఎలాంటిదో తెలిసిపోయింది. సైకిలును గదిలోకి తీసుకువెళ్లనిస్తారా, లేకపోతే సెల్లారులో దాన్ని గొలుసుతో కట్టడానికి కదలని ఇనుప కడ్డీ ఉందా. రాత్రి పది దాటాక గేటు దగ్గర మనిషి ఉంటాడా, లేక ఫోన్ చేసి లేపాలా. గేటు ముందు వీధి దీపం వెలుగుతుందా. అంతకుముందు అడిగిన ఒక లాడ్జిలో సైకిళ్లను వీధిలోనే వదిలేయమన్నారు, రాత్రి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లకు గది ఇవ్వడానికి కూడా వెనకాడారు. ఆ మాట వినగానే వదిన సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. మేము దిగిన చోట మాత్రం కాపలా మనిషి మా సైకిళ్లను లిఫ్టు పక్కనున్న మూలలో పెట్టించి, “మీరొచ్చేదాకా నేను ఇక్కడే ఉంటానమ్మా, తొమ్మిదిన్నర దాటితే ఒక ఫోన్ కొట్టండి” అన్నాడు. రాత్రి పూట ఎక్కడున్నామో తెలిసిన మనిషి ఒకరు ఊళ్లో ఉండడం ఎంత ధైర్యాన్నిస్తుందో చెప్పలేను.

ఇక దారి సంగతి. కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ జంక్షన్ దాకా ఉన్న బీచ్ రోడ్డు, రాత్రి తొమ్మిది లోపు, మనుషుల వల్ల కలిగే భయం విషయంలో నగరంలోకెల్లా నిశ్చింతైన భాగమని నా అంచనా. కాళీ ఆలయం, 2001లో నౌకాదళ సేవ నుంచి విరమించి మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా టీయూ-142 విమానం, 1971 యుద్ధపు విజయ స్మారకం వరుసగా ఉంటాయి. ఒకరినొకరు తప్పిపోతే కలుసుకోవడానికి ఇంతకంటే గుర్తుండే చోట్లు ఉండవు, మేము కురుసుర ముందు దీపస్తంభాన్ని ముందే అనుకున్నాము. ఇక్కడి ప్రమాదాలు వేరే రకానివి. ఆగి ఉన్న కార్ల తలుపులు చూసుకోకుండా తెరుస్తారు కాబట్టి వాటికి కనీసం మీటరు ఎడంగా సాగాలి. మొక్కజొన్న బండ్ల దగ్గర పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. తీరం నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక అంచుల్లో పలుచగా పరుచుకుని ఉంటుంది, దీపాల కింద అది తారు రంగులోనే కలిసిపోతుంది. మలుపులో దాని మీద బ్రేకు నొక్కితే ముందు చక్రం పక్కకు జారుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు దాదాపు ఏడు మీటర్లు సాగుతాము, అంటే అడ్డు వచ్చినదాన్ని చూసి చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే పది మీటర్లు దాటిపోతాయి. అందుకే ఈ భాగంలో పదిహేను లోపు వేగమే సరైనదని గట్టిగా చెబుతాను.

పార్క్ హోటల్ దాటి వుడా పార్కు, పెదజాలరిపేట, అప్పుఘర్ మీదుగా తెన్నేటి పార్కు దాకా వెళ్లే దారి మరో తీరుగా ఉంటుంది. వెలుతురు ఉంటుంది కానీ ఒకే తీరున ఉండదు. దీపం కింద నుంచి నీడలోకి, నీడలోంచి ఎదురు వాహనపు హైబీమ్‌లోకి వెళ్తుంటే కళ్లు కుదురుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాల్లోనే గుంత ఎదురవుతుంది. ఒక సాయంత్రం ఇక్కడే ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిల్ మీద మా వెనక మెల్లగా, దాటకుండా, లైటు ఆర్పుతూ వేస్తూ వచ్చారు. వేగం పెంచి వారిని తప్పించుకోవడం సైకిల్‌కు సాధ్యం కాదు. వదిన వెనక్కి తిరిగి చూడకుండా, “ఆ టిఫిను బండి దగ్గర ఆగుదాం” అంది. బండి ముందున్న బల్బు వెలుగులోకి సైకిళ్లను తోసుకుని వెళ్లి, ఇడ్లీ చెప్పి, చైను సరిచేస్తున్నట్టు వంగి కూర్చున్నాము. మోటారు సైకిల్ కాసేపు ఆగి వెళ్లిపోయింది. దాని నంబరు వదిన గట్టిగా పైకి చదివింది, నేను ఫోనులో రాసుకున్నాను. బండి దగ్గరి ఆవిడ గరిటె పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి చూసి, “ఇద్దరే ఎల్తన్నారేటమ్మా? తెన్నేటి పార్కు దాటితే మలుపు కాడ ఎవులూ ఉండరు, ఎనక్కి తిరిగిపోండి” అంది. ఆమె మాట ప్రకారమే తిరిగి వచ్చాము. ఆ దారిలో రాత్రి ఎవరు ఎప్పుడు తిరుగుతారో ఆమె వంటివారికి తెలిసినంతగా ఏ పటంలోనూ దొరకదు కాబట్టి, సాయంత్రం వెళ్లేటప్పుడే అలాంటి బండి దగ్గర ఒక టీ తాగి, రెండు మాటలు మాట్లాడి వెళ్లడం మంచిదని తోటి ఆడవాళ్లకు చెబుతున్నాను.

తెన్నేటి పార్కు తర్వాత ఒక వైపు కైలాసగిరి, మరో వైపు సముద్రం. పగలు ఎంత అందమైన దారో, రాత్రి అంత ఒంటరిది. పక్కకు తప్పుకోవడానికి వీధి లేదు, తలుపు తట్టడానికి ఇల్లు లేదు. దీనికి గాలి కూడా తోడవుతుంది. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి, వేసవిలో వీచే నైరుతి గాలి భీమిలి వైపు వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తూ ఎంత దూరం వచ్చామో తెలియనివ్వదు, తిరిగి వచ్చేటప్పుడు చీకట్లో ముఖాన కొడుతుంది. శీతాకాలంలో ఈశాన్యపు గాలి వెళ్లేటప్పుడే ఎదురై మనల్ని ముందే హెచ్చరిస్తుంది. రుషికొండ, మంగమారిపేట, తొట్లకొండ, భీమిలి చూడదలచినవారు తెల్లవారి వెలుగులో బయలుదేరడమే నేను సిఫారసు చేస్తాను. రాత్రి అయితే తెన్నేటి పార్కే మా హద్దు. నలుగురైదుగురు కలిసి, ముందూ వెనకా లైట్లతో, వారపు మధ్య రోజుల్లో వెళ్లేవారి సంగతి వేరు. శని, ఆదివారాల రాత్రుల్లో వారికి కూడా వద్దంటాను, ఆ ఖాళీ రోడ్డు మీద కార్లు, బైకులు నడిపే తీరు కళ్లారా చూశాను.

నగరం లోపల ఎంవీపీ కాలనీ వీధులు కొత్తగా రాత్రి తొక్కడం నేర్చుకునేవారికి తగినవి. సెక్టార్లుగా ఉన్న ఇళ్ల మధ్య వెలుతురూ మనుషులూ ఉంటారు, ఏ వీధి బాగోకపోయినా పక్క వీధి ఉంటుంది. అక్కడ జాగ్రత్త పడవలసింది కుక్కల గురించి: వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిలును మనకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నడిస్తే చాలావరకు అవి తమ హద్దు దాటాక వదిలేస్తాయి. జాతీయ రహదారి మీద మద్దిలపాలెం నుంచి హనుమంతవాక, ఎండాడ వైపు రాత్రి సైకిల్ పనికిరాదు. లారీల వేగం ఒక కారణమైతే, సర్వీసు రోడ్డులో ఎదురుగా వచ్చే రాంగ్ రూట్ బండ్లు మరో కారణం. పోర్టు వైపు, యారాడ ఘాట్ వైపు చీకటి పడ్డాక వెళ్లనే కూడదు.

అద్దె సైకిల్ తీసుకునేవారికి ఒక మాట. ఒక దుకాణంలో వదిన స్నేహితురాలి కోసం సైకిల్ అడిగితే, వెనక రిఫ్లెక్టరు విరిగిపోయి, ముందు బ్రేకు రబ్బరు అరిగి లోహం రిమ్ముకు తగులుతున్నదాన్ని చూపించారు. లైటు అడిగితే “బీచ్‌లో దీపాలున్నాయి కదా” అన్నారు. వీధి దీపం మనకు దారి చూపిస్తుందే కానీ, వెనక వచ్చే కారు డ్రైవరుకు మనల్ని వేరుగా చూపించదు. వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి, ముందు తెల్ల లైటును కిందికి వంచి పెట్టాలి, చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకోవాలి. తొక్కుతున్నప్పుడు ఆ పట్టీలు పైకీ కిందికీ కదలడం చూసి అది మనిషి అని డ్రైవరు దూరం నుంచే గుర్తుపడతాడు. సముద్రపు ఉప్పు గాలికి చైను, బోల్టులు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి ప్రతి రాత్రీ తడి గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయాలి.

ఆపద వేళకు 112, ప్రమాదానికి 108 అందరికీ తెలిసినవే. మహిళల భద్రత కోసం రాష్ట్ర పోలీసులు 2025 మార్చిలో తెచ్చిన శక్తి యాప్‌ను మేము బయలుదేరకముందే ఫోనులో పెట్టుకున్నాము. ఆసుపత్రుల విషయంలో, బీచ్ రోడ్డు దక్షిణ భాగంలో ఉంటే మహారాణిపేటలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), ఉత్తర భాగంలో ఉంటే హనుమంతవాక దగ్గరి విమ్స్ (విశాఖ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) గుర్తుంచుకోవాలి. గాయపడిన సైకిలిస్టును చూసి కేసులకు భయపడి ఆగనివారు ఇప్పటికీ ఉన్నారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134-ఏ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తుందని విశాఖవాసులు తెలుసుకోవాలని కోరుతున్నాను. పంక్చర్ అయితే రాత్రి ఎనిమిది దాటాక దుకాణం దొరకడం కష్టం, కాబట్టి అదనపు ట్యూబు, చేతి పంపు వెంట ఉండాలి; లేకపోతే ముందు చక్రం విప్పి ఆటోలో వెనక సీటు మీద పెట్టుకోవచ్చు, మేము మాట్లాడిన డ్రైవర్లు కొంచెం ఎక్కువ అడిగినా కాదనలేదు.

డిసెంబరులో మా అమ్మాయి, తన ఇద్దరు స్నేహితురాళ్లు వెళ్తామంటున్నారు. వారికి పాండురంగాపురంలోనే గది చెప్పాను, కాపలా మనిషి నంబరు ఇచ్చాను, మొదటి సాయంత్రమే టిఫిను బండి దగ్గర ఆగి ఆవిడను పలకరించమని చెప్పాను. రుషికొండకు మాత్రం తెల్లవారాకే బయలుదేరుతారు.