థ్యాంక్స్‌గివింగ్ విందుకు 48 లీటర్ల ఓటీజీ

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం జరుపుకునే థ్యాంక్స్‌గివింగ్ విందును నెల్లూరులోని మా ఇంట్లో మొదటిసారి ఏర్పాటు చేసినప్పుడు, డాలస్ నుంచి వచ్చిన మా తమ్ముడి పిల్లలు టర్కీ కోడి ముక్కలుగా కాక నిండుగా బల్ల మీదికి రావాలని పట్టుబట్టడంతో ఈ ఓటీజీని (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పొయ్యిని) కొన్నాము. గురువారం మా ఇంట్లో మాంసం వండరు కనుక విందును ఆదివారానికి జరిపాము. కార్తీకం అప్పటికే వెళ్లిపోయింది కాబట్టి పెద్దలు కాదనలేదు.

కొనేముందు పెట్టె మీద అచ్చువేసిన లీటర్లను కాక లోపలి ఎత్తును చూడాలి. అడుగున ట్రే పెట్టి, పైన ఎర్రగా కాగే కడ్డీలకు తగలకుండా నాలుగు వేళ్ల ఎడం వదిలితే, మిగిలిన చోటులో శుభ్రం చేశాక నాలుగు కిలోలు తూగే కోడి మాత్రమే ఇబ్బంది లేకుండా పడుతుంది. బాగా ఎదిగిన టర్కీ పుంజు ఇంతకన్నా చాలా బరువుంటుంది, అందువల్ల పెట్టనే అడిగి తీసుకోవడం మేలు. మన కోళ్ల దుకాణాలలో అలవాటుగా తోలు ఒలిచి ఇస్తారు. ఈకలు పీకి, పసుపు రాసి కాల్చి, తోలుతోనే ఇమ్మని ముందుగా చెప్పకపోతే ఎంత ఖరీదైన ఓవెన్‌లో పెట్టినా మాంసం ఎండిపోతుంది.

వేడి విషయంలో ఈ ఓటీజీకి సగం మార్కులే ఇస్తాను. 180 డిగ్రీల దగ్గర పెట్టినా ముందువైపు కంటే వెనుకవైపు త్వరగా మాడుతుంది, కాబట్టి ట్రేను మధ్యలో తిప్పి పెట్టడం, రొమ్ము భాగం రంగు తిరగగానే అల్యూమినియం రేకు కప్పడం తప్పవు. టైమరు 60 నిమిషాలకు మించి తిరగదు. సుమారు మూడు గంటలు పట్టే వంటకు ఇది చికాకు. పక్కన ఒక మనిషి ఉండవలసిందే. మాంసం ఉడికిందో లేదో పై రంగును బట్టి తెలియదు. తొడలో దళసరిగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చిన థర్మామీటరు 74 డిగ్రీల సెల్సియస్ చూపాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. ఆ థర్మామీటరు దీనితో రాదు, విడిగా కొనుక్కోవాలి. ఈ విందు కోసం కొన్న వస్తువులలో నన్నడిగితే అదే అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఇది 2000 వాట్ల యంత్రం కనుక 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టరు దీనిని మోయలేదు. ఈశాన్య రుతుపవనాల వానలు జోరుగా పడే నవంబరులో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన ప్రాంతంలో, మధ్యాహ్న భోజనానికి ఉదయం ఏడింటికే మొదలుపెట్టడం మంచిది. ముందే వంట పూర్తయితే నష్టమేమీ లేదు. కోసే ముందు అరగంట ఆరనిస్తేనే రసం ముక్కలో నిలుస్తుంది.

ఇచ్చిన ట్రే మరీ లోతు తక్కువది. కారిన కొవ్వు అంచు దాటి కింది కడ్డీ మీద పడి పొగ వచ్చింది, పైగా ఆ కొవ్వుతోనే గ్రేవీ చేయాలి. మా అమ్మ దానిలో మిరియాల పొడి వేయించి, మొలగొలుకుల అన్నంలో కలుపుకుని, టర్కీ కంటే అదే బాగుందని తేల్చారు. కేకులు, బ్రెడ్డు తరచుగా చేసుకునే ఇంటికి ఈ ఓటీజీ ధర న్యాయమే. ఏడాదికొక టర్కీ కోసమే అయితే, తెలిసిన బేకరీవారిని అడిగి వారి ఓవెన్‌లో కాల్పించుకోవడం చవక.