ఊళ్లు తిరిగే రాక్ బ్యాండుకి జాక్సన్ జేఎస్32 డింకీ: గిటార్ మంచిదే, బ్రిడ్జిని మాత్రం తేలనివ్వకండి

జాక్సన్ జేఎస్32 డింకీ ఆర్చ్ టాప్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ని ఊళ్లు తిరిగే బ్యాండు కోసం కొనవచ్చా? కొనవచ్చు. కాకపోతే పెట్టెలోంచి తీసిన గిటార్‌ని తీసినట్టే స్టేజీ ఎక్కించకూడదు. బ్రిడ్జికి (బాడీ మీద స్ట్రింగులు ఆనే లోహపు భాగానికి) గిటార్ వెనకవైపు లోపల చిన్న చెక్కముక్క అడ్డం పెట్టాలి, శ్రుతి హాఫ్ స్టెప్ (అర స్వరం) దించాలి, నాలుగైదు స్క్రూల సంగతి చూసుకోవాలి. ఇంతా చేస్తే ఈ ధరలో దీనికి సాటి వచ్చేవి తక్కువే.

ముందు పని ఎలాంటిదో చూద్దాం. ఒడిశాలోని బరంపురం నుంచి బయల్దేరే మెలొడీ బ్యాండుకి ఒక్క రకం పాటలతో గడవదు. ఒడియా, తెలుగు, హిందీ పాటలు సాగాలి. కాలేజీ కుర్రాళ్లు స్టేజీ ముందుకొచ్చి నిలబడ్డాక బాన్ జోవి, డెఫ్ లెపర్డ్, యూరప్, వాన్ హేలెన్, గన్స్ అండ్ రోజెస్ వంతు వస్తుంది. జుట్టు పెంచి, స్ప్రే కొట్టి నిలబెట్టిన 1980ల నాటి ఆ హెయిర్ రాక్‌లో గిటార్ సోలోకి సగం ప్రాణం ట్రెమొలో బారే, అంటే బ్రిడ్జిని కదిపి శ్రుతి దించే, పెంచే కడ్డీ. బారు నొక్కి స్వరాన్ని పాతాళానికి దించి మళ్లీ పైకి తెచ్చే డైవ్ బాంబ్ లేకపోతే ఆ పాట ఆ పాటలా వినిపించదు. మామూలు ట్రెమొలో మీద అంత లోతుకి దించితే స్ట్రింగు నట్ (నెక్ పైచివర స్ట్రింగులు ఆనే పట్టీ) గాడిలో జారి, తిరిగొచ్చేటప్పుడు ఇరుక్కుంటుంది. రెండో పాటకే శ్రుతి పోతుంది.

దీనికి విరుగుడుగా ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ గిటారిస్టు 1970ల చివర్లో డబుల్ లాకింగ్ పద్ధతి కనిపెట్టాడు, 1979లో పేటెంటు వచ్చింది. నట్ దగ్గర ఒకసారి, బ్రిడ్జి మీది శాడిల్ దగ్గర ఒకసారి స్ట్రింగుని బిగించేస్తే మధ్యలో జారడానికి చోటే ఉండదు. దాన్ని మొదట్లోనే చేతబట్టినవాళ్లలో ఎడ్డీ వాన్ హేలెన్ ఒకడు. జేఎస్32 మీద ఉన్నది అసలు ఫ్లాయిడ్ రోజ్ కాదు, లైసెన్సు మీద తయారై జాక్సన్ ముద్రతో వచ్చేది. పనిచేసే తీరు అదే, లోహం మాత్రం మెత్తన. ఈ ధరలో వచ్చే లైసెన్సు బ్రిడ్జిలన్నిటికీ ఈ పరిమితి ఉంది. గిటార్‌ని ఎలా వాడాలో నిర్ణయించేది కూడా ఇదే.

మిగతా గిటార్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బాగుంది. పాప్లార్ బాడీ, బోల్టులతో బిగించిన మేపుల్ నెక్, లోపల గ్రాఫైట్ కడ్డీల ఊతం, 25.5 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగు పొడవు), 24 జంబో ఫ్రెట్లు (వేళ్లు నొక్కేచోట అడ్డంగా ఉండే లోహపు పట్టీలు). ఫ్రెట్‌బోర్డు వంపు వ్యాసార్ధం నట్ దగ్గర 12 అంగుళాలతో మొదలై చివరికి 16 అవుతుంది, అంటే పైకి పోయేకొద్దీ చదునవుతుంది. అందుకే కింద బారె కార్డులు (ఒకే వేలితో స్ట్రింగులన్నీ అదిమే కార్డులు) పట్టుకుంటే చెయ్యి నొప్పెట్టదు, పైన స్ట్రింగుని పక్కకి తోసి పెద్ద బెండ్ చేస్తే స్వరం మధ్యలో తెగిపోదు. మూడు గంటల ప్రోగ్రాంలో ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది.

ఇక బ్రిడ్జి. ఫ్యాక్టరీ నుంచి ఇది తేలుతూ వస్తుంది. రెండు పోస్టుల మీద కత్తి అంచుల్లాంటి అంచులతో ఆని, ఒక పక్క స్ట్రింగుల లాగుడు, ఇంకో పక్క వెనకనున్న స్ప్రింగుల లాగుడు సమానమైన చోట తక్కెడలా నిలబడుతుంది. చేతికి హాయిగా ఉంటుంది, బారు పైకీ లాగవచ్చు. స్టేజీ మీద మాత్రం ఇదే కొంప ముంచుతుంది. ఒక స్ట్రింగు తెగితే స్ప్రింగుల వైపు బరువెక్కి మిగతా ఐదూ శ్రుతి మించిపోతాయి, పాట అక్కడితో ఆగినట్టే. మూడో స్ట్రింగు బెండ్ చేస్తూ ఆరో స్ట్రింగు కలిపి మోగిస్తే ఆరోది దిగిపోయి వినిపిస్తుంది. ఒక స్ట్రింగు శ్రుతి మారిస్తే మిగతావన్నీ కదులుతాయి.

అందుకని డైవ్ మాత్రం ఉంచి, పైకి లాగడం వదులుకోండి. వెనక మూత తీస్తే బ్రిడ్జి కిందికి దిగిన లోహపు దిమ్మ, దాన్ని నెక్ వైపు లాగుతున్న స్ప్రింగులు కనిపిస్తాయి. బారు నొక్కినప్పుడు ఆ దిమ్మ గిటార్ తోక వైపు జరుగుతుంది, పైకి లాగినప్పుడు నెక్ వైపు జరుగుతుంది. కాబట్టి అడ్డు పెట్టాల్సింది నెక్ వైపు, స్ప్రింగుల అడుగున, దిమ్మకీ బాడీ గోడకీ మధ్య. ముందు గిటార్‌ని మీరు వాయించే శ్రుతిలో పెట్టి, బ్రిడ్జి పలక బాడీకి సమాంతరంగా ఉండేలా సర్దండి. అప్పుడు ఆ సందు కొలవండి. వడ్రంగి దగ్గర మిగిలిన టేకుముక్క చాలు. సందు కంటే వెంట్రుకవాసి మందంగా కోయించి, ఉప్పుకాగితంతో రుద్దుతూ సరిగ్గా పట్టేదాకా తగ్గించండి. మెత్తటి చెక్క వద్దు, నెలల్లో నొక్కుకుపోయి శ్రుతి పెరుగుతుంది. జిగురు పెట్టకండి, రెండువైపులా అంటుకునే టేపు చాలు. రేపు తీసెయ్యాలనుకుంటే తేలిగ్గా ఊడాలి.

చెక్క పెట్టాక స్ప్రింగులు తగిలించిన క్లా (కొక్కేల పలక) స్క్రూలు రెండూ సమానంగా, ఒక్కోసారి అర చుట్టు చొప్పున బిగించండి. ఎంతవరకు? మూడో స్ట్రింగుని పూర్తి స్వరం బెండ్ చేసి పట్టుకుని, ఆరో స్ట్రింగు మోగించి ట్యూనర్ చూడండి. ముల్లు కదిలితే ఇంకో అర చుట్టు. కదలకపోతే ఆపెయ్యండి. అంతకు మించి బిగిస్తే బారు మొద్దుబారుతుంది, మణికట్టు నొప్పెడుతుంది. మూడు స్ప్రింగులతో సరిపోతుంది, నాలుగోది వేస్తే డైవ్ చెయ్యడానికి బలం ఎక్కువ కావాలి. ఇలా సర్దిన గిటార్‌కి స్ట్రింగు తెగినా మిగతా ఐదూ ఉన్నచోటే ఉంటాయి, పాట పూర్తవుతుంది. పోయేదల్లా బారు పైకి లాగి చేసే కూతలు, బారు మీద వేలు కొట్టి పుట్టించే వణుకుడు. బాన్ జోవి, డెఫ్ లెపర్డ్ పాటలు వాయించే బ్యాండుకి వాటి అవసరం పెద్దగా రాదు.

శ్రుతి విషయం ఇంకా ముఖ్యం. గన్స్ అండ్ రోజెస్, తొలినాళ్ల వాన్ హేలెన్ హాఫ్ స్టెప్ కింద వాయించారు, మోట్లీ క్రూ తొలి పాటలు కొన్ని పూర్తి స్టెప్ కింద ఉంటాయి, బాన్ జోవి చాలావరకు మామూలు శ్రుతిలో. నట్ లాక్ వేసిన గిటార్‌ని పాటకీ పాటకీ మధ్య మార్చలేం. నట్ మీది మూడు బిగింపులూ విప్పి, ఆరు స్ట్రింగులూ సర్ది, మళ్లీ బిగించేలోగా జనం కుర్చీలు మార్చుకుంటారు. బ్యాండంతా రాత్రంతా హాఫ్ స్టెప్ కిందే ఉండిపోవడం మేలు. బేస్ కూడా దించాలి, కీబోర్డు వాళ్లు ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టుకుంటే వేళ్లు మారక్కర్లేదు. గాయకుడికి కూడా ఇదే దయ. 1980ల గొంతుల ఎత్తు అందుకోవడం మూడో గంటలో ఎవరికైనా కష్టమే. ఫ్యాక్టరీ స్ట్రింగుల మందం, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన, 9 నుంచి 42. హాఫ్ స్టెప్ దించితే అవి వదులై రిథమ్ బురదగా వినిపిస్తుంది, 10 నుంచి 46 వెయ్యండి. మొత్తం లాగుడు మునుపటికంటే కొంచెం పెరుగుతుంది కాబట్టి క్లా స్క్రూలు మళ్లీ చూసుకోవాలి. ఈ మార్పంతా చెక్క కొలవకముందే పూర్తిచెయ్యండి, లేదంటే చెక్క మళ్లీ కోయించాలి.

స్ట్రింగులు మార్చడానికి 3 మి.మీ. అలెన్ కీ కావాలి. శాడిల్ స్క్రూలకీ నట్ బిగింపులకీ అదే పడుతుంది. ఆరూ ఒకేసారి తియ్యకండి, ఒక్కొక్కటే మార్చండి. గుండు ఉన్న చివరని హెడ్‌స్టాక్ (నెక్ కొసనున్న తల) మీది ట్యూనర్ బిరడా వైపు ఉంచి, రెండో చివరని శాడిల్‌లో బిగించే పద్ధతి టూర్‌లో వాడేవాళ్లకి బాగా నప్పుతుంది. ట్యూనర్ మీద రెండు మూడు చుట్లు అదనంగా ఉంచితే, శాడిల్ దగ్గర తెగినప్పుడు ఆ చుట్లు విప్పి, కాస్త కిందికి లాగి మళ్లీ బిగించవచ్చు. ఎక్కువగా తెగేది శాడిల్ దగ్గరే. బిగించేటప్పుడు చిన్న కీని వేళ్లతో పట్టుకుని గట్టిగా తిప్పితే చాలు. పొడుగు పిడి కీతో బలం పెడితే మెత్తటి లోహంలో మరలు అరిగిపోతాయి, శాడిల్ లోపల స్ట్రింగుని అదిమిపట్టే నొక్కుడు దిమ్మ పగులుతుంది. నట్ లాక్ వేసే ముందు, బ్రిడ్జి మీద శ్రుతిని కొద్దికొద్దిగా సర్దే ఫైన్ ట్యూనర్లు ఆరూ మధ్యలోకి తెచ్చి పెట్టుకోండి, స్ట్రింగులు లాగి సాగదీసి శ్రుతి చెయ్యండి, అప్పుడే లాక్. లాక్ బిగిస్తుంటే శ్రుతి పైకి పోతోందంటే నట్ వెనకున్న అడ్డపట్టీ ఎత్తుగా ఉందన్నమాట. స్ట్రింగు నట్ వంపుని పూర్తిగా ఆనేదాకా దాని స్క్రూలు దించండి.

ఫైన్ ట్యూనర్లు మధ్యలో ఉంచమన్నది ఊరికే కాదు. గోపాల్‌పూర్ ఒడ్డున ఉక్కపోతలో శ్రుతి చేసిన గిటార్ తప్తపాణి ఘాట్ ఎక్కి మోహన మీదుగా రాయగడ, అక్కణ్ణుంచి కోరాపుట్ చేరేసరికి చలి తగిలి స్ట్రింగులు బిగుస్తాయి, శ్రుతి పెరుగుతుంది. స్టేజీ లైట్లు వెలిగాక వేడికి మళ్లీ దిగుతుంది. ఫైన్ ట్యూనర్ ఒక చివర ఉండిపోతే సర్దడానికి చోటుండదు, లాక్ విప్పాల్సిందే. ప్రోగ్రాంకి కనీసం అరగంట ముందే కేసు తెరిచి గిటార్‌ని స్టాండు మీద పెట్టండి.

సముద్రపు గాలి ఈ బ్రిడ్జికి అసలు శత్రువు. ఉప్పు తేమకి మొదట తుప్పు పట్టేది శాడిల్ స్క్రూలు, ఫైన్ ట్యూనర్ల మరలు. వాయించిన రాత్రే పొడిగుడ్డతో తుడవండి, చెమటతో కేసులో పెట్టకండి. కత్తి అంచులు పోస్టుని ఆనేచోట, ఫైన్ ట్యూనర్ మరల మీద కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. కేసులో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వానాకాలంలో తరచూ మార్చండి. పోస్టు ఎత్తు మార్చాలంటే ముందు స్ట్రింగులు వదులు చెయ్యండి. బిగువు మీద తిప్పితే కత్తి అంచు గీసుకుపోతుంది, ఆ తర్వాత డైవ్ చేసిన ప్రతిసారీ శ్రుతి కాస్త తేడాగా తిరిగొస్తుంది. అంచు బాగా అరిగితే పలక మార్చడమే మేలు.

తేమకి నెక్ కూడా కదులుతుంది. ఆరో స్ట్రింగుని మొదటి ఫ్రెట్ మీదా చివరి ఫ్రెట్ మీదా ఒకేసారి నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం, అంటే 0.25 మి.మీ. లోపు ఉంటే సరి. ఎక్కువైతే నెక్ వంపుని సర్దే ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూడండి.

ప్రయాణానికి మెత్తటి సంచి సరిపోదు. హెడ్‌స్టాక్ వెనక్కి వంగి, కొన తేలి ఉంటుంది. గిటార్ వెల్లకిలా పడితే దెబ్బంతా మెడ దగ్గరే తగులుతుంది. హార్డ్ కేసు కొనండి, జీపు పైన కాకుండా లోపల పెట్టండి. సోలోలో గిటార్‌ని గిర్రున తిప్పాలన్న సరదా ఉంటే స్ట్రాప్ లాకులు ముందు వేయించండి.

పికప్‌లు (స్ట్రింగుల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చేవి) సెరామిక్ అయస్కాంతాల హై అవుట్‌పుట్ హంబకర్లు, అంటే రెండు తీగచుట్టల రకం. డిస్టార్షన్‌తో బ్రిడ్జి పికప్ కేక వేస్తుంది, హెయిర్ రాక్‌కి కావాల్సిందదే. ఇబ్బందల్లా సినిమా పాటల దగ్గర. నెక్ పికప్ క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) మందంగా, ముద్దగా ఉంటుంది, కీబోర్డు తబలాల మధ్య మునిగిపోతుంది. రెండు పికప్‌లూ కలిసే మధ్య స్థానంలో పెట్టి, వాల్యూమ్ 6 కి దించితే కొంత తేటపడుతుంది. మార్చాలనిపిస్తే బ్రిడ్జి పికప్ ఒక్కటి మార్చండి. సీమోర్ డంకన్ కంపెనీ జేబీ పికప్ ఈ సంగీతానికి పాత స్నేహితుడే. లాకింగ్ బ్రిడ్జి మీద స్ట్రింగుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ట్రెమ్‌బకర్ అనే వెడల్పు కొలతదే అడగండి. అయితే డబ్బు మొదట హార్డ్ కేసుకి, తర్వాత బ్యాకప్ గిటార్‌కి, ఆ తర్వాతే పికప్‌కి. బ్యాకప్‌గా లాకింగ్ లేని జేఎస్22 చాలు. నెక్ తీరు దగ్గరగా ఉంటుంది, స్ట్రింగు చిటికెలో మార్చుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు దుకాణంలోనే ట్యూనర్ పెట్టి ఆరు స్ట్రింగులూ చూసుకుని, స్ట్రింగులు ఫ్రెట్‌బోర్డు మీద పడేదాకా బారు నొక్కి వదలండి. ఐదారుసార్లు చేశాక ముల్లు మొదటి చోటికే రావాలి. ఒక్క స్ట్రింగే తప్పితే లాక్ సరిగ్గా లేదు, సర్దుకోవచ్చు. ఆరూ కలిసి ఒకే వైపు తప్పితే కత్తి అంచులు అరిగాయి, ధర బాగా తగ్గిస్తే తప్ప వదిలెయ్యండి. శాడిల్ స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి బిగించి చూడండి. బారు పట్టే గొట్టంలో బారు టకటకమని ఊగుతుంటే లోపలి ప్లాస్టిక్ వాషర్లు పోయాయన్నమాట, చవకే గానీ తెప్పించుకోవాలి. ఆ వాషర్లతోపాటు రెండు శాడిల్ స్క్రూలు, రెండు నొక్కుడు దిమ్మలు, ఒక స్ప్రింగు, రెండు 3 మి.మీ. కీలు కూడా ఆర్డరు పెట్టి, కేసు అరలో పడెయ్యండి.