పెండ్లి ఆర్కెస్ట్రా: బాలును దించినాయన ఓడిండు, ఘంటసాలను ఇడిసిపెట్టినామె గెలిచింది

పాలమూరుల రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రా మాట్లాడుకుందామనుకునేటోళ్ళ కోసం రాస్తున్న. మొన్న ఎండకాలం మా పెద్దబిడ్డ రిసెప్షన్ భూత్పూర్ రోడ్డు దిక్కు ఒక ఫంక్షన్ హాల్ల చేసినం. న్యూటౌన్ దిక్కు నుంచి ఒక ఆర్కెస్ట్రాను పిలిపిచ్చినం. పేరు రాస్తలేను. కీబోర్డు పిల్లగాని మీద, వాళ్ళ పెద్ద గాయకుని మీద గట్టిగనే అనేది ఉంది, వాళ్ళ పొట్ట మీద కొట్టుడు నాకిష్టం లేదు. మార్కులైతే చెప్త: ఐదుకు మూడున్నర. అండ్ల రెండు వాళ్ళతోని పాడే ఒక్క టీచరమ్మవే.

వీనికి పాటల గురించి ఏం తెలుసు అంటరేమో. గడియారం చౌరస్తా దగ్గర కేసెట్ల షాపు నడిపినోన్ని నేను. ఇప్పుడు అదే మడిగెల చార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్ముతున్న గాని, చెవులు మాత్రం ఆ కాలంవే. అరవై నిమిషాల కేసెట్ అంటే ఒక్కో దిక్కు అర్ధగంట, ఒక దిక్కు ఒక సినిమా, ఇంకో దిక్కు ఇంకో సినిమా. జనం చీటీల మీద పాటలు రాసుకొచ్చేటోళ్ళు. అప్పట్ల వేరే గొంతులతోని పాడిచ్చిన కేసెట్లు కూడ దండిగ వచ్చేవి, అసలు దానికన్నా తక్కువ ధర. 1957 కాపీరైట్ చట్టంల దానికి దారి ఉండె: పాట మొదట రికార్డయినంక రెండేండ్లు దాటితే, నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టి అదే పాటను వేరేటోళ్ళతోని పాడిచ్చుకోవచ్చు. 2012ల చట్టం మార్చి ఆ రెండేండ్లను ఐదేండ్లు చేసిన్రు. మనకు చట్టంతోని పనేముండె, కొనుక్కపోయినోడు తెల్లారి వచ్చి ‘సేటూ, ఇది బాలు గాదు’ అని కౌంటర్ మీద పడేసేటోడు. ఏ పాటల ఏ గొంతు ఉందో మొదటి మాటకే చెప్పుడు నాకు అట్ల అలవాటైంది.

మా బామ్మర్ది డీజే పెట్టాలని పట్టుపట్టిండు. ‘బావా, ఆర్కెస్ట్రా అంటే ముసలోళ్ళ ముచ్చట’ అన్నడు. బరాత్‌కు నీ డీజే పెట్టుకో, రిసెప్షన్ నాకు ఇడిసిపెట్టు అన్న. ఇద్దరికీ ఖర్చయింది.

ఆర్కెస్ట్రాకు ముప్పై ఐదు వేలు, సౌండు వేరే పన్నెండు వేలు. ఆరుగురు వచ్చిన్రు: ఇద్దరు మగ గొంతులు, ఒక ఆడ గొంతు, కీబోర్డు, ప్యాడ్స్, డోలక్. ఏడింటికి మొదలు పెడ్తమని ఎనిమిదిన్నరకు పెట్టిన్రు. మైక్ చెక్ అని ‘హలో హలో’లే గంట సేపు. ఎకో ఎంత పెట్టిన్రంటే ఒక మాట గోడకు తగిలి వచ్చేసరికి రెండో మాట బయల్దేరుతుండె. నేను పోయి మిక్సర్ కాడ కూసున్న పిల్లగానికి చెప్పి సగం తగ్గిపిచ్చిన. మీరూ భోజనాల కాడ నిలవడేముందు ఆ పని చేసుకోండి.

బుక్ చేసేటప్పుడు అందరూ ఒక్కటే అడుగుతరు: ‘ఒరిజినల్ లెక్కనే ఉంటదా అన్నా?’ వాళ్ళూ ‘సేమ్ టు సేమ్ ఉంటది’ అంటరు. మాట నిలవెట్టుకున్నరు కూడ, ఖరాబైందే అక్కడ. కీబోర్డు పిల్లగాడు వాయించేది తక్కువ. ల్యాప్‌టాప్‌ల గొంతు తీసేసిన మైనస్ ట్రాకులు పెట్టుకున్నడు, వయొలిన్లు, ఫ్లూటు అన్నీ అండ్లకెళ్ళే వస్తయి. మీద మీద రెండు వేళ్ళు ఆడిస్తడు. పెద్ద గాయకుడు నల్ల కోటేసుకొని ‘శంకరాభరణం’ నుంచి ‘శంకరా నాదశరీరాపరా’ ఎత్తుకున్నడు. మక్కీకి మక్కీ దించిండు. గొంతు మంచిదే, శృతి తప్పలే. కాని బాలు ఎక్కడ ఊపిరి తీసుకున్నడో అక్కడనే తీసుకున్నడు, ఎక్కడ మాటను ఒత్తిండో అక్కడనే ఒత్తిండు. తర్వాత ఇంకో పాటల బాలు నడుమ చిన్నగ నవ్వుతడు, ఈయన కూడ సరిగ్గ అక్కడనే నవ్విండు. ఆ నవ్వుకే నాకు మనసు ఇరిగింది. బాలుకు ఆ క్షణంల నవ్వొచ్చింది, నవ్విండు. నీకెందుకొచ్చింది నాయినా?

బాలు శాస్త్రీయంగ నేర్చుకున్నోడు గాదు, ఆ సంగతి ఆయననే ఎన్నోసార్లు చెప్పుకున్నడు. 1980ల ఆ సినిమా పాటలకు జాతీయ అవార్డు వచ్చిందంటే, నేర్వని దాన్ని అందుకోవాలనే భయం, ఆరాటం ఆ గొంతుల ఉన్నయి కాబట్టే వచ్చిందని నేననుకుంట. దించేటాయనకు ఆ భయమేడిది? అంతా తయారై ఉన్నది, దాని మీద నడిచిపోవుడే. ఇట్ల పాడితే మించుడు ఎన్నటికీ కాదు. మహా అయితే బరాబరి. బరాబరి అయితే జనం ‘అచ్చం బాలు లెక్కనే’ అంటరు, అంటే వాళ్ళు విన్నది బాలునే, ఈయన్ను వినలే.

కొత్తగ చేద్దామని ‘వాన వాన వెల్లువాయె’ కూడ పాడిన్రు. 1991ల ‘గ్యాంగ్ లీడర్’ది బప్పీ లాహిరి బాణీ, 2012ల ‘రచ్చ’కు మణిశర్మ మళ్ళ చేసిండు. వీళ్ళు పల్లవి పాతది, దరువు కొత్తది కలిపిన్రు. పిల్లలు ఎగిరిన్రు, పెద్దలు ప్లేట్లు పట్టుకొని పోయిన్రు. నా షాపు తెలివితోని చెప్పాల్నంటే, సినిమాలోళ్ళు పాత పాటను మళ్ళ తీసుకునేది దాన్ని మించేటందుకు గాదు. హాల్ల తండ్రీ కొడుకు ఇద్దరూ ఈల వెయ్యాలె, అంతే. ఆ పని వరకు బాగనే అయితది. దాన్ని అసలు దానితోని తూకమేసుడు దండుగ.

ఇగ టీచరమ్మ. యాభై దాటినామె, సర్కారు బడిల పంతులమ్మనట, పెండ్లిళ్ళ సీజన్‌ల మాత్రమే పాడుతదట. ఆమె చేతుల ఫోన్ లేదు, కాగితం లేదు. ‘మూగమనసులు’ల ఘంటసాల పాడిన ‘పాడుతా తీయగా చల్లగా’ పాడుతనన్నది. కీబోర్డు పిల్లగాడు ట్రాక్ తీసిండు. అది మగ శృతి. ఆమె కోసం నాలుగైదు మెట్లు పైకి జరిపిండు, జరిపేసరికి వయొలిన్లు దోమల మోత లెక్క అయినయి. ఆమె చెయ్యెత్తి ఆపమన్నది. ‘బాబూ, ట్రాక్ వద్దు, హార్మోనియం సౌండు పెట్టి శృతి మాత్రం పట్టు’ అన్నది. డోలక్ ఆయన దిక్కు తిరిగి ‘మీరు రెండో చరణంల రండి అన్నా’ అన్నది. ఆయన నాగర్‌కర్నూల్ దిక్కు పెద్దమనిషి, భజనలల్ల ఆరితేరిన చెయ్యి.

అట్ల పాడింది. ఘంటసాల కన్నా నిదానంగ. ఆయన సాగదీసిన కాడ ఆమె ఇడిసిపెట్టింది, ఆయన ఇడిసిపెట్టిన కాడ కొంచెం ఆగింది. 1964 సినిమా అది. ఆత్రేయ మాటలు, మహదేవన్ బాణీ. సినిమాల పడవ నడిపే గోపి జమీందారు బిడ్డ రాధ కోసం పాడుతడు. నోరు తెరిచి చెప్పుకోలేని అభిమానం, అందుకే ఘంటసాల గొంతుల ఒక అణుకువ ఉంటది, హద్దు దాటకుండ పాడుతడు. ఎంత గొప్పగ పాడినా ఆ పాట గోపి మెడకు కట్టేసి ఉన్నట్టే. ఆ మాటలు చూస్తే అవి పసిపాపను పండుకోబెట్టేటి మాటలు. అవి ఒక తల్లి నోట్లకు వచ్చేసరికి పడవ లేదు, గోపి లేడు, హద్దు లేదు. నా భార్య ఐస్‌క్రీం కౌంటర్ కాడ ఎవరితోనో తగాదల ఉండె, అది కూడ ఆపి చూసింది.

ఘంటసాలను మించిందా అని బామ్మర్ది అడిగిండు. పాట వరకు మించింది అన్న. గొంతుల గాదు, రాగం తిప్పే సంగతులల్ల గాదు. కేసెట్ల ధర్మం ప్రకారం చెప్తున్న: నాకు ఇప్పుడు ఆ రెండిట్ల ఒకటి నింపియ్యమంటే ఆమెదే నింపుకుంట. ఈ మాటకు నన్ను తిట్టేటోళ్ళున్నరు, మా పెద్దన్న ఇంకా మాట్లాడుతలేడు.

ఇంగ్లీషు పాటలల్ల కూడ నాకు తెలిసిన సాక్ష్యం ఒకటుంది. ‘బాడీగార్డ్’ కేసెట్ వచ్చినప్పుడు డిగ్రీ కాలేజీ పిల్లలు ఎగబడి కొన్నరు. 1992 సినిమా, విట్నీ హూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాట. అది డాలీ పార్టన్ అని ఇంకో అమెరికా గాయని రాసుకొని 1974లనే పాడిందని మా చిన్నోడు చెప్పేదాంక నాకు తెల్వదు. పోర్టర్ వ్యాగనర్ అని ఒకాయన టీవీ షోల తనను పైకి తెచ్చిండట, ఆయన దగ్గర నుంచి బయటికి పోతూ మర్యాదగ సెలవు తీసుకుంట రాసుకున్నదట. అందుకే డాలీ గొంతుల గొడవ లేదు, దండం పెట్టి పోతున్నట్టు ఉంటది. విట్నీ ఆ షోను, ఆ పెద్దమనిషిని పక్కకు పెట్టి, మొదలు కొంతసేపు ఏ వాయిద్యం లేకుండ ఒంటి గొంతుతోని ఎత్తుకున్నది. మన టీచరమ్మ చేసింది అదే పని. పాటను పుట్టిన ఇంటి నుంచి బయటికి తెచ్చింది. డాలీదే బాగుందని మా చిన్నోడంటడు, వాని ఇష్టం.

చివరికి మా పెద్దబావ లేచిండు. తుంగతుర్తి దిక్కు మనిషి, రెండు గుటకలు పడ్డంక ‘బామ్మర్దీ, బండెనక బండి కట్టి పాడిపియ్యి’ అన్నడు. పెండ్లిల ఆ పాటేంది బావా అంటే వినలే. నల్లకోటాయన తెల్వదన్నడు. డోలక్ పెద్దమనిషి మైక్ తీసుకున్నడు. గొంతు బొంగురు, మధ్యల ఒక చరణం మర్చిపోయిండు, మా బావ కింద నుంచి అందిచ్చిండు. నల్గొండ దిక్కు నుంచి వచ్చిన చుట్టాలందరూ కోరస్. బయటి నుంచి డ్రైవర్లు కూడ వచ్చి నిలవడ్డరు.

‘గద్దర్ పాటను ఖరాబ్ చేసిండు’ అన్నడు ఒక పిల్లగాడు. వానికి మా బావ అక్కడనే క్లాసు పీకిండు. అది గద్దర్ రాసింది గాదు, సాయుధ పోరాటం నాటి బండి యాదగిరి పాట. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ల గద్దర్ తెర మీదికి వచ్చి పాడిండు, దేశమంతా పాకింది. యాదగిరి గొంతుల అది ఎట్ల ఉండెనో వినే భాగ్యం మనకు లేదు. అంటే మనం ఒరిజినల్ అని మొక్కేదే రెండో గొంతు. నా షాపుల ఆ కేసెట్ అమ్మినన్ని రోజులు ఒక్కడు కూడ ‘సేటూ, ఇది యాదగిరి గాదు’ అని తిరిగి తేలే.

మన గోరటి వెంకన్న సంగతి దీనికి ఉల్టా. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ను ‘కుబుసం’ సినిమాల వందేమాతరం శ్రీనివాస్ పాడిండు, ఊరూరికీ పోయింది. కాని వెంకన్న గజ్జె కట్టినట్టు ఎగురుకుంట పాడింది చూసినోనికి సినిమా పాట ఆనదు. రాసినోడే ఎదురుంగ పాడుతుంటే మించుడు కష్టం.

ఒక పనికొచ్చే ముచ్చట. ఫంక్షన్ హాల్ మేనేజర్ పాటలకు లైసెన్సు కావాలె, పైసలు కట్టాలె అని మొదలు పెట్టిండు. పెండ్లి ఊరేగింపుకు, పెండ్లికి సంబంధించిన వేడుకలకు చట్టంలనే మినహాయింపు ఉంది, 52వ సెక్షన్. 2023 జులైల కేంద్రం కూడ ప్రకటన ఇచ్చింది. అది ఫోన్‌ల చూపిస్తే ఊకున్నడు. టికెట్లు పెట్టే కచేరీలకు మాత్రం ఇది నడవదు. 2017ల ఇళయరాజా, తన పాటలు అనుమతి లేకుండ కచేరీల పాడొద్దని బాలుకే నోటీసు పంపిండు. అసలు రికార్డుల పాడిన గొంతుకే ఆ తిప్పలు.

ఇగ మిగతాయి చప్పున చెప్త. యాంకర్ పిల్ల పాటకు పాటకు నడుమ ఎక్కువ మాట్లాడుతది, ముందే చెప్పి పెట్టుకోండి. రెండో మగ గొంతుకు శృతి నిలువదు, ఆయన పాడేటప్పుడే అన్నం తినండి. ప్యాడ్స్ పిల్లగాడు హుషారు.

మా జడ్చర్ల దోస్తు కొడుకు పెండ్లి ఉంటే, టీచరమ్మను, డోలక్ ఆయన్ను, శృతి పెట్టె పట్టేటోన్ని మాత్రమే పంపమని అడిగి చూసినం. ముందు టీమ్ ఇడదియ్యం అన్నరు, తర్వాత ఇరవై వేలకు దిగిన్రు. ఇంకొంచెం గట్టిగ బేరం చేస్తే పద్దెనిమిదికి వస్తరని నా అంచనా. సగం అడ్వాన్సు తీసుకుంటరు, మిగతాది స్టేజీ దిగకముందే అడుగుతరు, పైసలు జేబుల పెట్టుకొని కూసోండి.