మాత్రలు మానేసి డయాఫ్రమ్‌కి మారాను

గర్భనిరోధక మాత్రలతో తలనొప్పి పడలేక కాయా బ్రాండు డయాఫ్రమ్‌కి మారాను. గర్భం రాకుండా యోనిలో పెట్టుకునే చిన్న గిన్నెలాంటి మూత ఇది. జయనగర్ మందుల షాపుల్లో అడిగితే కండోమ్‌లు చూపించారు. చివరికి జర్మనీ నుంచి వస్తూ మా వదిన తెచ్చిపెట్టింది. ఊదారంగు సిలికాన్, ఒకటే సైజు. అందరికీ సరిపోదు, అందుకే డాక్టరమ్మకి చూపించుకున్నాను. అంచులు దగ్గరికి నొక్కి లోపలికి తోస్తుంటే, దానికి రాసే వీర్యకణాల్ని అడ్డుకునే జెల్‌కి వేళ్లు జారిపోతాయి, మొదట్లో మహా చిరాకు. గర్భాశయ ముఖద్వారాన్ని పూర్తిగా కప్పిందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. కలిశాక కనీసం 6 గంటలు తీయకూడదు, 24 గంటలు దాటనివ్వకూడదు. (ఈ లెక్క నాకన్నా మా ఆయనకే బాగా గుర్తుంటుంది!) మామూలు వాడకంలో ఏడాదికి 100 మందిలో దాదాపు 17 మందికి గర్భం వస్తుంది. పిల్లలు అస్సలు వద్దనుకునేవాళ్లకి నేనైతే చెప్పను. సుఖవ్యాధుల్ని ఆపుతుందన్న భరోసా కూడా లేదు. మాకు రెండో బిడ్డ వచ్చినా పర్లేదు గనక టెన్షన్ లేదు.