పాత జిప్సీ కొనేముందు ఆ చిన్న రాడ్డు వేసి చూడండి

అమ్మకానికి పాత జిప్సీ కనపడగానే అందరూ బాడీ చూస్తారు, టైర్లు చూస్తారు, కాస్త తెలిసినవాళ్లయితే బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం వింటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది గేరు రాడ్డు పక్కనే ఉండే చిన్న రాడ్డు. ఇన్నేళ్లుగా ఎవరు అడిగినా నేను నా జిప్సీని అమ్మకపోవడానికి కారణం అదే.

నాది 1990ల చివర్లో వచ్చిన జిప్సీ కింగ్, 1.3 కార్బొరేటర్ ఇంజిన్, పైన టార్పాలిన్. పవర్ 60 హార్స్‌పవరే, ఇవాళ చిన్న కార్లకు కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా బండి బరువు టన్ను లోపే కాబట్టి, పైగా చిన్న రాడ్డు ఉంది కాబట్టి, ఘాట్‌లో గానీ అడవి దారుల్లో గానీ బలం చాలలేదని నాకెప్పుడూ అనిపించలేదు. ఎక్కడికంటే అక్కడికి వెళ్తుంది.

ఆ రాడ్డు చేసే పని ఇదీ. గేరుబాక్సుకు విడిగా, బండి కింద మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె. అందులో హై రేషియో 1.409, లో రేషియో 2.268. బండి ఆపి, క్లచ్ నొక్కి, చిన్న రాడ్డుతో "ఫోర్ లో" (నాలుగు చక్రాలకూ బలం, లో రేషియో) వేస్తే అదే ఫస్ట్ గేరులో, అదే ఇంజిన్ వేగానికి బండి వేగం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది, దానికి తగ్గట్టు చక్రాల దగ్గర బలం పెరుగుతుంది. ఎక్కడానికి ఇది పనికొస్తుందని కొన్నప్పుడే తెలుసు. దిగేటప్పుడు ఎంత గొప్పగా ఉంటుందో తెలిసింది మాత్రం పాడేరు వైపు ఒక కాఫీ తోటల కొండ మీద.

పొద్దున పొడి దారి మీద మామూలుగా ఎక్కేశాం. మధ్యాహ్నం పెద్ద వాన కొట్టింది. తిరిగి దిగే సమయానికి ఆ ఎర్రమట్టి దారి సబ్బు రాసినట్టు అయిపోయింది, చక్రాల గాడుల్లో నీళ్లు పారుతున్నాయి, ఒక పక్కన లోయ. దిగి, బురద తుడిచి, ముందు చక్రాల హబ్బులు రెండూ చేత్తో లాక్‌కి తిప్పాను (నా బండికి మాన్యువల్ హబ్బులే ఉన్నాయి, ఇవి తిప్పకుండా ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలకు ఏమీ అందదు). ఫోర్ లో, ఫస్ట్ గేరు వేసి కాళ్లు రెండూ పెడళ్ల మీద నుంచి తీసేశాను. ఇంజిన్ కొంచెం మూలిగి బండిని పట్టుకుంది, అంతే, అక్కడి నుంచి నడిచే వేగంతో దిగుతూ పోయింది. పక్కన మా బావమరిది డాష్‌బోర్డు మీది పిడి రెండు చేతులా పట్టుకుని "బావా, బ్రేక్ తొక్కవేంటి" అంటాడు. "తొక్కితేనే జారతాం, కూర్చో" అన్నాను. మాకు ముందు ఒకతను బైక్ దిగి దాన్ని పట్టుకుని నడిపించుకుంటూ వెళ్తున్నాడు. కొండ కింద దాకా అతనికీ మాకూ మధ్య దూరం పెరగలేదు, తగ్గలేదు.

బురదలో బ్రేక్ నొక్కితే చక్రం తిరగడం ఆగిపోతుంది, ఆగిన చక్రం స్టీరింగ్ మాట వినదు, బండి తన దారిన తాను జారిపోతుంది. ఇక్కడ ఇంజిన్ నాలుగు చక్రాలనూ నెమ్మదిగా తిప్పుతూనే పట్టి ఉంచుతుంది కాబట్టి ఎటు తిప్పితే అటు వస్తుంది. ఇప్పటి బండ్లలో ఇదే పనికి బటన్ ఇస్తున్నారు, అది కంప్యూటర్‌తో బ్రేకులు పట్టి వదిలి చేస్తుంది. జిప్సీలో వట్టి గేర్లతోనే అయిపోతుంది. ఆ రోజు నుంచి నాకు ఈ రాడ్డంటే ప్రాణం.

ఎక్కడికంటే అక్కడికి అన్నాను గానీ, అందులో కొంత తగ్గించుకోవాలి. ముందు, వెనక ఉండే డిఫరెన్షియల్స్ (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) రెండూ మామూలువే, లాక్ ఉండదు. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గాల్లోకి లేచాయంటే ఆ రెండే ఊరికే తిరుగుతాయి, బండి కదలదు, తాడు ఉండాల్సిందే. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పకూడదు, మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుంటుంది, గేర్ల మీద భారం పడుతుంది. ఇక కమాన్ కట్టల (ఇనుప పట్టీల స్ప్రింగుల) కుదుపు సంగతి మా అమ్మనడిగితే చెప్తుంది. వెనక అడ్డ సీట్లో ఒక్కసారి కూర్చుని మళ్లీ ఎక్కనంది, హైవే మీద ఆ టార్పాలిన్ మోతకు మాట వినపడదని కూడా అంది. రెండూ నిజమే.

కొనేటట్టయితే ఏదైనా మట్టి వాలు చూసుకుని హబ్బులు లాక్ చేసి, ఫోర్ లోలో ఫస్ట్ వేసి దించండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు చిన్న రాడ్డు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తే ఆ బండి జోలికి వెళ్లకండి, కొండ మీద అలా జరిగితే పట్టుకునేది ఏదీ ఉండదు, ఉన్నదల్లా బ్రేకే. వెనక కమాన్లు చాసిస్‌కు కలిసే చోట తుప్పు చూడండి. ఆర్‌సీ 15 ఏళ్లు దాటి ఉంటే ఐదేళ్ల రెన్యువల్ అయిందో లేదో చూడండి. ఆర్మీ వేలంలో వచ్చిన బండయితే కాగితాలు ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఆ ఆలివ్ గ్రీన్ రంగు ముచ్చటగా ఉన్నా మనం ఉంచుకోకూడదు, అది రక్షణ శాఖ వాహనాలకే.

మా ఇంట్లో రోజూ తిరగడానికి వేరే కారు ఉంది, ఊళ్లో నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు, నేను తరచూ ఏజెన్సీ వైపు వెళ్తుంటాను. అందుకే నాకు కుదిరింది. ఇంటికి ఉన్న ఒకే ఒక్క బండిగా, పిల్లలతో సిటీలో తిరగడానికైతే నేను వద్దనే అంటాను. కొంటే 2000 తర్వాతి ఎంపీఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది) చూసుకోండి, 80 హార్స్‌పవర్, చలి పొద్దుల్లో చోక్ లాగే పని ఉండదు. నేనైతే కార్బొరేటర్‌తోనే ఉంటాను, మా మెకానిక్‌కి అదే బాగా చేయి తిరిగింది.