.375 రైఫిల్, 300 గ్రెయిన్ల బుల్లెట్: ఆఫ్రికా వేటలో ఏళ్ల తరబడి వాడాక

దక్షిణాఫ్రికాలో ఉంటున్న తెలుగువాళ్లలో వేటకు వెళ్లేవాళ్లం తక్కువమందిమే. అందుకని డాలస్ నుంచో దుబాయ్ నుంచో సఫారీకి బయల్దేరే మనవాళ్లు ఎవరున్నా ఫోన్ చివరికి నాకే వస్తుంది. "అన్నా, ఏ రైఫిల్ తీసుకోవాలి?" అని అడుగుతారు. బుల్లెట్ సంగతి ముందు తేల్చుకోమని చెబుతాను. ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా తెలిసొచ్చింది ఇదే: జంతువును చేరేది బుల్లెట్ ఒక్కటే. మిగతా సరంజామా అంతా దాన్ని సరైన చోటికి పంపడానికే.

నేను వాడేది చెక్ కంపెనీ సీజెడ్ చేసిన 550 సఫారీ మాగ్నమ్ రైఫిల్, .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ తూటాకు (అంటే బుల్లెట్, మందు, ఖోలు కలిసినదానికి) చేసినది. ఎక్కువగా దక్షిణాఫ్రికాలోని లింపోపో ప్రావిన్స్ తుప్పల్లో, కొన్నిసార్లు నమీబియాలో వాడాను. ఇంపాలా అనే చిన్న జింక, అడవి పంది నుంచి కూడూ, ఈలాండ్ లాంటి పెద్ద జింకలు, కేప్ బఫెలో అనే అడవి దున్న దాకా అన్నిటికీ ఇదే. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడ చెప్పేదంతా ఆఫ్రికాలో లైసెన్సుతో, పర్మిట్‌తో చేసే వేట గురించే.

ముందు .375 (బుల్లెట్ వెడల్పు, అంగుళాల్లో) ఎందుకో చెబుతాను. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దీన్ని 1912లో తెచ్చింది. ఇప్పటికీ ఆఫ్రికాలో చాలాచోట్ల ప్రమాదకరమైన జంతువులకు ఇదే కనీస హద్దు. టాంజానియాలో అంతే. నమీబియా చట్టమైతే బుల్లెట్ శక్తిని జూల్స్‌లోనే రాసిపెట్టింది: స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్నవాటికి 1,350, కూడూ, జెమ్స్‌బాక్, ఈలాండ్ లాంటివాటికి 2,700, అడవి దున్న, ఏనుగు లాంటివాటికి 5,400. 300 గ్రెయిన్ల (సుమారు 19 గ్రాముల) బుల్లెట్ .375 గొట్టంలోంచి సెకనుకు 770 మీటర్ల వేగంతో వస్తే సుమారు 5,700 జూల్స్ ఉంటుంది. .30-06 అనే మామూలు వేట తూటాలో 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు దాదాపు 3,900. అంటే కూడూకి .30-06 నిక్షేపంలా సరిపోతుంది, దున్నకు పనికిరాదు. .375 రెంటికీ పనికొస్తుంది. పైగా 250 మీటర్ల దాకా దీని బుల్లెట్ వెళ్లే దారి .30-06 దారికి దగ్గరగానే ఉంటుంది. కాబట్టి దూరం లెక్కలు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

9.3×62 గురించి కూడా అడుగుతుంటారు. 1905లో ఓటో బాక్ అనే జర్మన్ తుపాకుల తయారీదారు రూపొందించిన తూటా ఇది. ఆఫ్రికాలోని రైతుల చేతుల్లో బాగా నలిగింది, తన్ను (పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) తక్కువ. దున్నల జోలికి వెళ్లని వాళ్లకు నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. కాకపోతే మామూలు 286 గ్రెయిన్ల లోడ్‌తో దాని శక్తి 4,800 జూల్స్ దగ్గరే ఆగిపోతుంది. నమీబియాలో దున్న కావాలంటే ఆ లోడ్ కుదరదు.

ఇక రైఫిల్. దీని యాక్షన్ (తూటాను ఎక్కించి, పేలాక ఖోలు బయటికి తీసే యంత్రాంగం) పాత జర్మన్ మౌజర్ రైఫిల్ తరహాది. చేత్తో ముందుకీ వెనక్కీ జరిపే బోల్ట్ పక్కన పొడవాటి ఉక్కు కొక్కెం ఉంటుంది. బోల్ట్ ముందుకు తోస్తుంటే, తూటా మ్యాగజీన్‌లోంచి పైకి లేస్తూనే దాని అడుగు అంచు ఆ కొక్కెం కిందికి జారి దొరికిపోతుంది. అక్కణ్ణుంచి గొట్టం వెనక ఉన్న గదిలోకి వెళ్లేదాకా పట్టు వదలదు. దీని విలువ షూటింగ్ రేంజ్‌లో తెలియదు. దున్న మీద మొదటి గుండు పేల్చి, అది పొదల్లోకి దూసుకుపోతుంటే రెండో తూటా ఎక్కించే టెన్షన్‌లో తెలుస్తుంది. ఆ కంగారులో చాలామంది బోల్ట్‌ను సగం తోసి మళ్లీ వెనక్కి లాగేస్తారు. కొక్కెం లేని యాక్షన్‌లో మొదటి తూటా గదిలోనే ఉండిపోయి, వెనకాల రెండోది వచ్చి ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇందులో సగంలో లాగినా ఆ తూటా బయటికొచ్చి పడుతుంది, మళ్లీ తోస్తే ఇంకోటి ఎక్కుతుంది. నా రైఫిల్ దుమ్ములో, చలిలో, పొద్దుటి మంచులో తిరిగింది. తూటా ఎక్కించడంలో ఒక్కసారి కూడా మొరాయించలేదు. దానికి నేనిచ్చే మార్కులన్నీ ఇందుకే.

మ్యాగజీన్‌లో 5 తూటాలు పడతాయి. ట్రిగ్గర్‌ను ముందుకు నెడితే తేలికైపోయే ఏర్పాటు ఒకటుంది, రేంజ్‌లో బల్ల మీద కూర్చుని పేల్చేటప్పుడు బాగుంటుంది. వేటలో నేను దాని జోలికే పోను. గుండె దడదడలాడుతున్నప్పుడు ఈక బరువుకే పేలే ట్రిగ్గర్ ప్రమాదం.

ఖాళీ రైఫిల్ బరువే 4 కిలోలు దాటుతుంది. స్కోప్, తూటాలు, బెల్టు కలిపితే 5 కిలోల దగ్గరికి వస్తుంది. పొద్దున ఆరింటికి జాడ పట్టి మధ్యాహ్నం దాకా నడిస్తే భుజం లాగుతుంది. అయినా ఈ బరువు తగ్గించుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే .375 తన్ను .30-06 తన్నుకి దాదాపు రెట్టింపు. తేలిక రైఫిల్‌లో ఇదే తూటా పేల్చి చూడండి, మూడో గుండుకల్లా కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగడం మొదలుపెడతారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడం చాలా కష్టం.

స్కోప్ విషయంలో ఒక్క మాట. తుప్పల్లో వేట 40 నుంచి 120 మీటర్ల మధ్యే ఎక్కువ. పెద్ద జూమ్ అక్కర్లేదు. నేను వాడేది ల్యూపోల్డ్ 1.5-5×20, అంటే ఒకటిన్నర నుంచి ఐదు రెట్లు పెద్దగా చూపేది. కంటికీ స్కోప్‌కీ మధ్య ఖాళీ బాగా ఉండాలి, లేకపోతే ఈ తన్నుకి కనుబొమ్మ చిట్లుతుంది. అంతకుముందు వాడిన ఇంకో కంపెనీ స్కోప్‌లో కొన్నాళ్లకు గురి దానంతటదే జరగడం మొదలైంది. అదృష్టం బాగుండి వేట ముందురోజు సాయంత్రం గురి సరిచూసుకుంటుంటే బయటపడింది. అందుకే ఏ వేట ఫామ్‌కి వెళ్లినా సామాను దించగానే మొదట చేసేది మూడు గుండ్లు అట్టపెట్టె మీద పేల్చి చూడటం. స్కోప్ విప్పేస్తే వాడుకోవడానికి గొట్టం మీద ఇనుప గురి ఉంది. చిక్కటి పొదల్లో దున్న వెనక వెళ్లాల్సి వస్తే అదే దిక్కు.

ఇప్పుడు అసలు సంగతి, బుల్లెట్.

మామూలు సాఫ్ట్ పాయింట్ అంటే సీసం ముద్ద చుట్టూ పల్చటి రాగి తొడుగు. చవక. ఇంపాలాకు పర్వాలేదు. ఒకసారి నీలి వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జంతువు మీద వాడాను. గుండు జబ్బ ఎముకకు తగిలింది, గురి తప్పలేదు. కానీ తొడుగు ఒకచోట, సీసం ఒకచోట విడిపోయి, ఎముక దాటి లోపలికి వెళ్లింది కొంచెమే. చీకటి పడేలోపు దాన్ని పట్టుకోగలిగామంటే అదంతా జాడ పట్టే ట్రాకర్ గొప్పతనమే. నెత్తురు చుక్క ఎండిన గడ్డిపరక మీద ఎక్కడుందో ఆయన చూపించేదాకా మాకెవరికీ కనపడలేదు. ఆ గంటలు ఆ జంతువు పడ్డ బాధ నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజు నుంచి బుల్లెట్ దగ్గర డబ్బు లెక్క చూడటం మానేశాను.

అప్పటినుంచి నేను వాడేది స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ అనే బుల్లెట్, 300 గ్రెయిన్లు. దీని మధ్యలో రాగి గోడ అడ్డంగా ఉంటుంది. ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక భాగం చెక్కుచెదరకుండా దాన్ని లోపలికి నెడుతుంది. సీసం కూడా తొడుగుకు అతికి ఉంటుంది కాబట్టి విడిపోదు. ఒక ఈలాండ్ పోతును ఎనభై తొంభై మీటర్ల నుంచి జబ్బ మీద కొట్టాను. ఈలాండ్ పోతు అంటే 900 కిలోల దాకా పెరిగే జంతువు. తోలు ఒలుస్తుంటే బుల్లెట్ అవతలి జబ్బ దగ్గర చర్మం కింద చేతికి తగిలింది. కత్తితో కోసి తీశాం. ముందు భాగం నాలుగు రేకులుగా వెనక్కి ముడుచుకుని, మొదటి వెడల్పుకి దాదాపు రెట్టింపైంది. ఇంటికొచ్చి త్రాసులో వేస్తే 280 గ్రెయిన్లకు పైనే మిగిలింది. రెండు జబ్బలూ దాటినా ఇంత బరువు నిలబెట్టుకోవడం నాకు చాలా నచ్చింది.

పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ టీఎస్‌ఎక్స్ కూడా కొన్ని సీజన్లు వాడాను. ఎ-ఫ్రేమ్ కన్నా లోతుకి వెళ్తుంది, చాలావరకు అవతలికి దూసుకుపోతుంది. నెత్తురు జాడ బాగా దొరుకుతుంది. మందలో వేటాడేటప్పుడు ఇదే చిక్కు కూడా: వెనకాల ఇంకో జంతువు నిలబడి ఉంటే దానికీ తగులుతుంది. దక్షిణాఫ్రికాలోనూ నమీబియాలోనూ నెత్తురు చిందితే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా డబ్బు కట్టాల్సిందే. డబ్బు సంగతి వదిలేసినా, మనం గురిపెట్టని జంతువు గాయపడటం ఎవరికి ఇష్టం? మందలో ఉన్న దున్నల మీద నేను ఎ-ఫ్రేమ్‌నే వాడతాను. విచ్చుకోని గట్టి సాలిడ్ బుల్లెట్లు గాయపడ్డ దున్న వెనక వెళ్లేటప్పుడు మాత్రమే. అప్పుడది మనకు ఎదురు తిరిగి ఉండొచ్చు, వెనక్కి తిరిగి పారిపోతూ ఉండొచ్చు. ఏ కోణంలో తగిలినా లోపలి దాకా చేరాలి.

ఇంత పెద్ద తూటాతో ఇంపాలాని కొడితే మాంసం పాడైపోదా అని అడుగుతారు. పాడవదు. బరువైన బుల్లెట్ ఓ మోస్తరు వేగంతో వెళ్లి చిన్న రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. తేలిక బుల్లెట్ మహా వేగంతో తగిలినప్పుడే చుట్టుపక్కల కండంతా నెత్తురు గడ్డకడుతుంది. కూడూ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, గుంటూరు కారంతో ఊరగాయ పెడితే నెలల తరబడి నిలవుంటుంది. కాబట్టి మా ఇంట్లో ఈ విషయం చాలా ముఖ్యం.

గురి ఎక్కడ పెట్టాలన్నది బుల్లెట్ కన్నా పెద్ద విషయం. అమెరికాలో జింకల వేట అలవాటైనవాళ్లు జబ్బ వెనక కొడతారు. ఆఫ్రికా జంతువులకు గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకు, ఇంకా కిందికి ఉంటాయి. పక్కకి తిరిగి నిలబడ్డ జంతువు ముందు కాలి గీత వెంటే పైకి వెళ్లి, ఛాతీ ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగాలి. ఇక్కడి గైడ్లందరూ ఇదే చెబుతారు, వినండి.

ఇంకోటి, నిలబడి కర్రల మీద పేల్చడం. సఫారీలో బల్ల ఉండదు, పడుకుంటే గడ్డి అడ్డం. ట్రాకర్ మూడు కాళ్ల కర్రను మీ ముందు పెడతాడు. దాని మీద రైఫిల్ ఆన్చి నాలుగైదు సెకన్లలో పేల్చాలి. ప్రయాణానికి రెండు నెలల ముందే అలాంటి కర్ర కొనుక్కుని సాధన చేయండి. రోజూ .375 పేల్చనక్కర్లేదు, ఒక .22 చాలు. నెలకు ఒకట్రెండుసార్లు పెద్ద రైఫిల్‌తో పది గుండ్లు, అంతకు మించొద్దు. అలసిన భుజం ఏమీ నేర్చుకోదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఇక్కడ నివసించేవాళ్లకు 2000 నాటి ఫైర్ఆర్మ్స్ కంట్రోల్ యాక్ట్ వర్తిస్తుంది. ముందు తుపాకీ వాడటం తెలుసని చెప్పే కాంపిటెన్సీ సర్టిఫికెట్, తర్వాత ఒక్కో రైఫిల్‌కి విడిగా లైసెన్సు. వేట సంఘం ద్వారా వచ్చే డెడికేటెడ్ హోదా లేకపోతే ఒక్కో రైఫిల్‌కి 200 తూటాలకు మించి దగ్గర పెట్టుకోకూడదు. బయటి దేశం నుంచి తెచ్చుకునేవాళ్లు దక్షిణాఫ్రికా పోలీసుల ఎస్‌ఏపీఎస్ 520 ఫారం ముందే నింపి ఉంచుకోవాలి. విమానంలో మనిషికి 5 కిలోల తూటాలే, అవీ రైఫిల్‌తో కలపకుండా. .375 తూటాలు 20 ఉన్న పెట్టె కిలో లోపే ఉంటుంది కాబట్టి ఆ హద్దుతో ఇబ్బంది లేదు. మొదటిసారి వస్తుంటే, దున్న కోసం కాకపోతే, ఫామ్‌లోనే రైఫిల్ అద్దెకు తీసుకోండి. ఎయిర్‌పోర్టు తలనొప్పి సగం తగ్గుతుంది.

ఈ రైఫిల్ సరిపోని చోట్లు కూడా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని కరూ మైదానాల్లో స్ప్రింగ్‌బాక్‌ని 300 మీటర్ల నుంచి కొట్టాలంటే 6.5 క్యాలిబర్‌దో .270దో హాయి. ఏనుగుల మధ్య రోజూ తిరిగే గైడ్లు ఇంతకన్నా పెద్ద .416 రిగ్బీయో .458 లాటో మోస్తారు, అది వాళ్ల ప్రాణాల లెక్క.

సీజెడ్ 550 తయారీ ఇప్పుడు ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. కొనేముందు మందు లేని డమ్మీ తూటాలు ఐదూ మ్యాగజీన్‌లో నింపి, బోల్ట్‌ను ఒకసారి నెమ్మదిగా, ఒకసారి కోపమొచ్చినట్టు గట్టిగా తోసి చూడండి. రెండుసార్లూ ఐదూ ఎక్కి ఐదూ బయటికి రావాలి. తర్వాత స్టాక్‌ని (రైఫిల్ చెక్క భాగాన్ని) యాక్షన్ నుంచి విప్పించి, వెనక స్క్రూ దగ్గరా మ్యాగజీన్ వెనకాలా చెక్కలో సన్నటి పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. ఇంత తన్ను తినే ఏ రైఫిల్‌కైనా చెక్క ముందు అక్కడే బీటలిస్తుంది. పగులుంటే ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.