సంగమేశ్వరం నుంచి కర్నూలుకు ఎదురు ప్రయాణం: ఫైబర్ పడవ, చిన్న మోటారు, షెడ్డు భద్రతపై దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

శ్రీశైలం వెనుక జలాల్లో వలలు వేయడానికి మా కుటుంబం వాడుతున్న 16 అడుగుల ఫైబర్ పడవ, దాని వెనుక చెక్కకు బిగించిన 8 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల ఔట్‌బోర్డ్ మోటారు, ఏటా చలి ముదరక ముందే వాటిని సంగమేశ్వరం వైపు నుంచి తుంగభద్ర మీదుగా ఎగువకు నడిపించుకొచ్చి కర్నూలు దిగువన ఏటిగట్టు దగ్గర ఒక షెడ్డులో భద్రపరిచే ఏర్పాటు, ఈ మూడింటి గురించి చాలా ఏళ్ల వాడకం తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. మూడింటినీ విడివిడిగా తూచడం కుదరదు. పడవ ఎంత గట్టిదైనా, మోటారు ఎంత పేరున్న కంపెనీదైనా, నీటిలో లేని నెలలను అవి ఎలా గడిపాయన్న దాన్ని బట్టే వాటి ఆయుష్షు ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

చలి దేశాల్లో చలికాలానికి పడవలను ఒడ్డుకు ఎక్కించి భద్రపరచడానికి కారణం మంచు. ఇంజన్‌లో మిగిలిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, లోహాన్ని పగలగొడుతుంది. మనకు ఆ బెడద లేదు. మన బెడద నీళ్లు వెనక్కి పోవడం, ఆ వెనుకే వచ్చే ఎండ. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వానాకాలపు వరదకు నిండిన ఆ నీరు రెండు గట్ల మీది విద్యుత్ కేంద్రాల గుండా, పోతిరెడ్డిపాడు కాలువ గుండా, హంద్రీ-నీవా, ముచ్చుమర్రి, అవతలి గట్టున కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల గుండా తరలిపోతూ ఉంటే, సంక్రాంతి వచ్చేసరికి ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. కట్టినప్పుడు 308 టీఎంసీలుగా ఉన్న జలాశయ సామర్థ్యం ఒండ్రు పేరుకుని 215 టీఎంసీల దగ్గరకు పడిపోయిందని లెక్కలు చెబుతున్నాయి. ఆ ఒండ్రు ఎక్కడుందో నీళ్లు దిగాక మా కాళ్లకు తెలుస్తుంది. మోకాటి లోతు బురదలో ట్రాక్టరు దిగదు, పడవ కదలదు. అక్కడే వదిలేస్తే వేసవి అంతా ఎండకు మాడి, ఆషాఢ శ్రావణాల్లో రాత్రికి రాత్రి వచ్చే కొత్త నీటికి కట్టుతాడు తెంపుకుని కొట్టుకుపోతుంది. నీళ్లు తగ్గాక మడుగుల్లో వేటకు మాకు పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, చాలు. పెద్ద పడవకు పని ఏరు పరచుకున్న కాలంలోనే.

ఈ ఏర్పాటు మొత్తంలో అన్నిటికంటే విలువైనది బయలుదేరే వేళ. వెనుక జలాలు దిగేటప్పుడు ముందుగా ఎండేది ఎగువ కొస. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న సంగమేశ్వరం దగ్గర నీరు ఇంకా నిండుగా కనిపిస్తుండగానే, అలంపురానికి పైన తుంగభద్రలో బండలు తేలిపోతాయి. కింద నీళ్లున్నాయి కదా అని ధీమాగా కూర్చున్నవాళ్లకు పైదారి మూసుకుపోతుంది. మా పెదనాయన ఏటా అదే మాట అంటాడు: "నీళ్లుండంగానే ఎక్కించుకోవల్లబ్బీ, దిగినంక అంతా రాళ్లే." పత్రికల్లో రోజూ వచ్చే జలాశయ మట్టం 880 అడుగుల దిగువకు జారడం మొదలైందంటే, వేట ఎంత బాగున్నా మేం ఆ వారంలోనే కదులుతాం. సంగమేశ్వరాలయ శిఖరం నీళ్ల పైకి వచ్చాక చూద్దామనుకుంటే పని జరగదు. కర్నూలుకు ఎగువన ఉన్న సుంకేసుల బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో కూడా కనుక్కోవాలి. ఎక్కువ వదిలితే ఎదురుపోటు, అసలు వదలకపోతే పైభాగంలో లోతు చాలదు.

ప్రయాణంలో మొదటి భాగం కృష్ణ మీద. ముచ్చుమర్రి దాటేవరకు నీరు వెడల్పుగా, లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ చూసుకోవాల్సింది గాలినే. ఆ నెలల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. మేం పోయేది పడమటికి. అందువల్ల పెట్రోలు కలిసొస్తుంది గాని, అల వెనుక నుంచి తరుముకొస్తుంది. మోటారు బిగించే వెనుక చెక్క పడవ అంచుల కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది గనుక, వేగం ఉన్నపళంగా తగ్గిస్తే ఆ అల లోపలికి దూకుతుంది. వలలు, లంగరు, పెట్రోలు డబ్బా అన్నీ వెనుక కుప్పపోయకుండా మధ్యకు సర్దితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయంటే కింద ఎవరిదో వల ఉన్నట్టే. చుట్టూ తిరిగి పోవడమే మర్యాద, క్షేమం కూడా. లైఫ్ జాకెట్లు మడిచి పక్కన పెట్టుకోవడానికి కాదు, బయలుదేరే ముందే తొడుక్కోవాలి.

కృష్ణను వదిలి తుంగభద్రలోకి మళ్లాక పని మారిపోతుంది. అక్కడి నుంచి ఒకరు మోటారు దగ్గర, ఒకరు ముందు వెదురు గడ పట్టుకుని కూర్చోవాల్సిందే. గడ మెత్తగా దిగబడితే ఒండ్రు, గరగరమంటే ఇసుక, ఠంగుమంటే బండ. ఈ మూడు తేడాలు చేతికి తెలిసినవాడు ముందుంటే ఏ పరికరమూ అక్కర్లేదు. ఏరు వంపు తిరిగిన చోట వెలుపలి గట్టు వైపు లోతు ఉంటుంది, ప్రవాహమూ అక్కడే ఎక్కువ. లోపలి వైపు నీరు నెమ్మదిగా ఉంటుంది గాని ఇసుక మేట వేస్తుంది. ఎదురు వెళ్లేటప్పుడు నెమ్మది నీటి వైపు మనసు లాగుతుంది. అయినా నేను లోతు వైపే వెళతాను. కాస్త పెట్రోలు ఎక్కువైనా ఫర్వాలేదు, మేట మీద ఎక్కిన పడవను దిగి నెట్టడంలో అడుగు గీసుకుపోయే నష్టం దానికంటే పెద్దది. అలంపురం గుళ్లు కుడిచేతి వైపు దాటిన తర్వాత మోటారును సగం పైకి ఎత్తి నడపాల్సిన చోట్లు వస్తాయి. అప్పుడు వెనక్కి నడిపేటప్పుడు వేసే గొళ్లెం వేసి ఉంచకూడదు. గొళ్లెం లేకపోతే బండ తగిలినప్పుడు మోటారు దానంతట అదే పైకి తన్నుకుని, దెబ్బ తప్పించుకుంటుంది.

మోటారు శక్తి విషయంలో నా తీర్పు స్పష్టం: ఈ పొడవు పడవకు, ఈ ప్రయాణానికి 8 హార్స్‌పవర్ చాలు. సామాను నింపిన 16 అడుగుల పడవ నీటిని చీల్చుకుంటూ పోతుందే తప్ప నీటి మీదికి ఎక్కి జారదు. అలాంటి పడవ గంటకు 9 కిలోమీటర్ల దగ్గర తన హద్దుకు చేరుతుంది. ఆపైన హ్యాండిల్ ఎంత తిప్పినా ముక్కు పైకి లేస్తుంది, వెనుక పెద్ద అల పుడుతుంది, పెట్రోలు తరిగిపోతుంది, వేగం మాత్రం పెరగదు. అందుకే సగానికి కొంచెం పైన ఉంచి, శబ్దం నిలకడగా వినిపించే చోట వదిలేస్తాను. నూనె కలిపే పాళ్లు మా మోటారుకు 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయకుండా కొలత గ్లాసు పెట్టుకోవాలి.

నడుస్తున్నంతసేపూ నా చూపు ఉండేది మోటారు పక్క నుంచి చిమ్మే సన్నటి నీటి ధార మీద. లోపల ఇంజన్‌ను చల్లబరిచే పంపు పనిచేస్తోందనడానికి బయటికి కనిపించే గుర్తు అదొక్కటే. గుర్రపుడెక్క ఆకో, ప్లాస్టిక్ సంచో నీరు పీల్చే జల్లెడకు అడ్డం పడితే ఆ ధార మొదట సన్నబడుతుంది, తర్వాత ఆవిరిగా మారుతుంది. సన్నబడగానే ఆపి, మోటారు ఎత్తి, చేత్తో తీసేస్తే అయిపోతుంది. పంపులోని రబ్బరు రెక్కల చక్రాన్ని, మన మెకానిక్కులు ఇంపెల్లర్ అనే దాన్ని, మా ఏటి ఒండ్రు ఆకురాయి పట్టినట్టు అరగదీస్తుంది. దాన్ని ఏటా మారుస్తాం. ఉప్పునీటిలో తిరిగే మోటార్లకు తుప్పు శత్రువైతే, మన మంచినీటి మోటార్లకు ఒండ్రు శత్రువు.

షెడ్డు విషయానికి వస్తే, అది పడవల కోసం కట్టినది కాదు. ట్రాక్టరు ట్రాలీలకు వెల్డింగు చేసే చోటు, వెనుక రేకుల కింద స్థలం ఖాళీగా ఉంటే అద్దెకిస్తారు. ఒకప్పుడు పడవలు కూడా నడపాలన్న ఉద్దేశంతో తవ్విన కర్నూలు–కడప కాలువ ఇంత దగ్గరలో ఉండి కూడా, పడవను ఆనించి పెట్టడమెలాగో ప్రతి కొత్త పనివాడికీ మొదటి నుంచి చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. ఒక ఏడు, వేరొక చోట, పనివాళ్లు గోనెసంచి కూడా అడ్డం వేయకుండా ఇనుప గొలుసు చుట్టి పడవను లేపారు. అంచు రెండు చోట్ల చిట్లింది, బాగుచేయించే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. అప్పటి నుంచి వెడల్పు నైలాన్ పట్టీలు మా పడవలోనే ఉంటాయి, మేం దగ్గర లేకుండా లేపనివ్వం.

మోటారును పడవకే వదలకుండా విప్పి, చెక్క స్టాండు మీద నిటారుగా నిలబెడతాం. పడుకోబెడితే లోపల మిగిలిన నీరు సిలిండర్ల వైపు పోవచ్చు. దానికి ముందు డ్రమ్ములో మంచినీళ్లు పోసి మోటారు నడిపి ఒండ్రంతా కడిగేస్తాం. అప్పుడే పెట్రోలు పైపు పీకేసి, కార్బురేటర్‌లో ఉన్నది మొత్తం కాలిపోయి ఇంజన్ దానంతట అది ఆగేదాకా ఉంచుతాం. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుని నెలల తరబడి నిలవ ఉంటే విడిపోతుంది గనుక, డబ్బాలో మిగిలింది కూడా ఆ వారమే స్కూటరుకు పోసేస్తాం. ప్లగ్గులు విప్పి రెండు సిలిండర్లలోనూ కాస్త నూనె పోసి, తాడు నెమ్మదిగా లాగి తిప్పుతాం. కింది పెట్టెలోని గేర్ ఆయిల్ దించినప్పుడు దాని రంగు చూడాలి. పాలు కలిసినట్టు తెల్లగా వచ్చిందంటే సీలు పోయి నీరు దిగింది. సీలు పోవడానికి మా దగ్గర సాధారణ కారణం ఫ్యాను, అంటే నీటిలో తిరిగి పడవను నెట్టే రెక్కల చక్రం, వెనుక ఇరుసుకు చుట్టుకున్న నైలాన్ వలపోగు. ఫ్యాను విప్పి చూస్తే తప్ప కనబడదు, వెంట్రుకంత పోగు రబ్బరును కోసేస్తుంది.

ఇంకొక సంగతి మోటారుతో వచ్చిన పుస్తకంలో ఉండదు. వేసవిలో మట్టి కందిరీగలు చిన్న రంధ్రం కనిపిస్తే చాలు గూడు కడతాయి. నీటి ధార వచ్చే రంధ్రంలో అవి కూరిన మట్టి ఎండి సిమెంటులా బిగుసుకుంటుంది. కొత్త నీటి కాలంలో మోటారు దించి నడిపితే పంపు బాగానే ఉండి కూడా ధార రాదు, మెకానిక్కు పంపంతా విప్పుతాడు. బట్టపీలిక ఒకటి ఆ రంధ్రంలో దోపి, ఎర్ర దారం బయటికి వేలాడేలా కడితే చాలు. దారం కనిపిస్తుంది కాబట్టి తీయడం మరిచిపోం. ఎలుకలు పెట్రోలు పైపు కొరుకుతాయి, దాన్ని విప్పి ఇంటికి తెచ్చుకోవడమే మార్గం.

పడవ అడుగును శుభ్రంగా కడిగి, లోపలి నీరు బయటికి పోయే రంధ్రం బిరడా పీకి, ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా చెక్కదిమ్మెల మీద పెడతాం. రెండు కొసల కింద మాత్రమే ఆనిస్తే ఎండాకాలపు వేడికి నడుము కుంగుతుంది. నడుము వెన్ను కింద వరుసగా దిమ్మెలు, పక్కలకు పాత టైర్లు ఉండాలి. టార్పాలిన్‌ను పడవకు అంటుకునేలా బిగించకుండా, మధ్యలో వెదురు వేసి గాలి ఆడేలా కప్పాలి. ఇలా ఉంచిన మా పడవ రంగు ఇప్పటికీ నిగనిగలాడుతోంది. దాని ఈడుదే అయిన పక్క ఊరి పడవ ఆరుబయట ఉండి, చేత్తో రుద్దితే సున్నంలా పొడి రాలుతోంది.

చిట్లిన చోట ఫైబర్ మ్యాటు, రెసిన్ వేయించడానికి కర్నూలు సౌకర్యంగానే ఉంది, సరుకు దొరుకుతుంది, పనివాళ్లూ ఉన్నారు. కానీ ఆ పని మాఘమాసంలోనే చేయించాలి. ఏప్రిల్, మే ఎండల్లో హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపిన రెసిన్ జిగురు మ్యాటులో ఇంకక ముందే మగ్గులో గడ్డకడుతుంది, పైకి గట్టిగా కనిపించినా లోపల పట్టు ఉండదు. వేసవిలో తప్పనిసరైతే తెల్లవారుజామున, కొద్దికొద్దిగా, హార్డెనర్ తగ్గించి కలపమని చెప్పి దగ్గరుండి చూసుకోవాలి.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఒకటుంది. వానలు తక్కువై జలాశయం నిండని ఏడు ఎగువ దారి అసలు తెరుచుకోదు. అలాంటప్పుడు పడవను లారీ మీద ఆత్మకూరు, నందికొట్కూరు మీదుగా తీసుకురావాల్సిందే. నీటి మీద అయ్యే పెట్రోలు ఖర్చు కంటే ఆ కిరాయి బాగా ఎక్కువ. అదీగాక గతుకుల రోడ్డు మీద పడవకు తగిలే అదురు నీళ్ల మీద ఉండదు. ఆ ఏడు వీలైతే దగ్గరి ఊళ్లోనే ఎవరి కల్లందొడ్డిలోనైనా రేకుల కింద పెట్టుకోవడం మేలు. షెడ్డు కోసమని లారీ మాట్లాడటం నాకైతే గిట్టుబాటుగా తోచదు.

15 హార్స్‌పవర్ తీసుకుంటే త్వరగా చేరతాం కదా అని మా సంఘంలో కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఖాళీ పడవతో తిరిగేవాళ్లకు అది బాగుంటుంది. వలలు, చేపలు మోసే పడవకు మాత్రం అదనపు బరువు వెనుక చెక్క మీద పడి, అంచు ఇంకా కిందికి దిగుతుంది. వెనుక నుంచి వచ్చే అల సంగతి పైన చెప్పాను. మా పడవలో ఇప్పుడు అరిగిందల్లా ఆ వెనుక చెక్కే. బోల్టుల రంధ్రాల చుట్టూ సుత్తితో తడితే మిగతా చోట్ల వచ్చే గట్టి శబ్దం రావడం లేదు, లోపల ప్లైవుడ్ మెత్తబడింది. ఈ మాఘంలో దాన్ని కోసి తీసి, కొత్త పలక పెట్టించి, రంధ్రాల లోపలి గోడలకు కూడా రెసిన్ పట్టించమని మాట్లాడుకున్నాం. కొత్త నీళ్లలో ఒక కాలం తిరిగాక ఆ చెక్క ఎలా నిలిచిందో రాస్తాను.